జడవాయువులు: విజ్ఞాన, వైద్య పరిశోధనలలో వాటి సేవ

శాస్త్రవిద్యార్థులకు ద్వితీయ భాషగా తెలుగు బోధించే నాకు రసాయనశాస్త్రంతో పని ఏమని పాఠకులు అడుగవచ్చును. ఆ ప్రశ్నకు సమాధానం నా తరగతి గదిలోనే ఉన్నది. ఒకనాడు పాఠంలో వచ్చిన 'జడము' అనే మాటకు అర్థం చెబుతూ, చలనం లేనిది, చైతన్యం లేనిది, ఒక పనికీ రానిది అని వివరించాను. బి.యస్సి. రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు లేచి నిలబడి, "సార్, మా కెమిస్ట్రీలో జడవాయువులని ఆరు ఉన్నవి. అవి కూడ ఒక పనికీ రానివేనా?" అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. కాని సమాధానం మాత్రం చెప్పలేకపోయాను.

ఆ రోజు నుండి గ్రంథాలయంలోను, రసాయనశాస్త్ర శాఖలోని మిత్రుల వద్దను ఈ విషయం గురించి తెలుసుకొంటూ వచ్చాను. చదివినకొద్దీ నేను చెప్పిన మూడు అర్థాలలో చివరిది తొందరపాటుతో చెప్పినదని గ్రహించాను. ఆ విద్యార్థికి ఆనాడు ఇవ్వవలసిన సమాధానాన్ని ఈ వార్షిక సంచిక ద్వారా అందరికీ ఇవ్వదలచుకొన్నాను.

జడత్వమనగా నేమి?

హీలియం, నియాన్, ఆర్గాన్, క్రిప్టాన్, జీనాన్, రేడాన్ అనే ఆరింటిని జడవాయువులని పిలుస్తారు. ఆవర్తన పట్టికలో వీటిది చిట్టచివరి నిలువు వరుస. పూర్వపు పుస్తకాలలో దీనిని సున్నా వర్గమని వ్రాసేవారు. ఇతర మూలకాల పరమాణువులు ఎలక్ట్రాన్లను ఇచ్చుటకో, పుచ్చుకొనుటకో, పంచుకొనుటకో నిరంతరం తహతహలాడుతుంటాయి. మనం చూచే రసాయనిక చర్యలన్నీ ఈ ఇచ్చిపుచ్చుకోవడాలే. జడవాయువుల పరమాణువులలో మాత్రం బయటి కక్ష్య నిండియున్నది. హీలియంలో రెండు, తక్కిన వాటిలో ఎనిమిది ఎలక్ట్రాన్లతో ఆ కక్ష్య సంతృప్తి చెంది ఉంటుంది. అందుచేత అవి ఎవరినీ ఆశ్రయింపవు, ఎవరికీ లొంగవు. సాధారణ వాయువులవలె రెండేసి పరమాణువులుగా కూడక, ఒంటరిగానే సంచరిస్తాయి.

మనం పీల్చే గాలిలో ఆర్గాన్ నూటికి 0.93 పాళ్ళు ఉన్నది. ఇది బొగ్గుపులుసు వాయువు కంటె ఇరవై రెట్లకు పైగా ఎక్కువ. నియాన్ పది లక్షల పాళ్ళలో 18, హీలియం 5, క్రిప్టాన్ ఒకటి చొప్పున ఉన్నవి. జీనాన్ వీటన్నిటికంటె అరుదైనది. గాలిని కోటి పదిహేను లక్షల భాగాలు చేస్తే అందులో ఒక్క భాగం మాత్రమే జీనాన్. రేడాన్ రేడియోధార్మిక వాయువు. అది నేలలోని యురేనియం క్షయం వలన పుట్టి, కొద్దిరోజులలోనే నశించిపోతుంది.

ఇవి ఇట్లు ప్రతి శ్వాసలోను మన లోపలికి వెళ్ళి, ఏమీ చేయకుండా తిరిగి వస్తూ ఉన్నా, పందొమ్మిదవ శతాబ్దం చివరి వరకు భూమిమీద వీటి ఉనికినే ఎవరూ గుర్తింపలేదు. పలకరించినా పలుకని వానిని గుర్తుపట్టుట కష్టం కదా!

గుంటూరు ఆకాశంలో ఒక సూచన

ఈ కథ మొదటి అధ్యాయం మన తెలుగు నేలమీదనే నడిచింది. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణం సంభవించింది. దాని ఛాయామార్గం దక్షిణాపథం మీదుగా మన తీరం వరకు సాగింది. ఫ్రాన్సు దేశపు ఖగోళశాస్త్రజ్ఞుడు జాన్సెన్ ఆ గ్రహణాన్ని చూచుటకు గుంటూరు వచ్చాడు. ఆంగ్లేయుడైన టెన్నెంట్ బృందం కూడ గుంటూరులోనే విడిది చేసింది. మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నం చేరుకొన్నాడు. అదే వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి వనపర్తి నుండి పరిశీలించాడు.

సూర్యబింబం చంద్రుని చాటున మరుగుపడిన ఆ కొద్ది నిమిషాలలో, బింబపు అంచున ఎగసిపడే ఎర్రని జ్వాలలను వారు వర్ణపటదర్శినితో చూచారు. ప్రతి మూలకం తన కాంతిలో తనకే ప్రత్యేకమైన గీతలను చూపుతుంది. ఆ జ్వాలలలో ఉదజని గీతలు స్పష్టంగా కనిపించినవి. వాటితోపాటు ఒక పసుపుపచ్చని గీత కూడ కనిపించింది. దానిని మొదట సోడియం గీతగా భావించినవారున్నారు. గ్రహణం లేకున్నా ఈ జ్వాలలను చూడవచ్చునని జాన్సెన్ గ్రహించి, మరునాడే గుంటూరులో చూచి ఋజువు చేశాడు. ఇంగ్లండులో లాకియర్ కూడ స్వతంత్రంగా అదే పద్ధతిని కనుగొని, ఆ సంవత్సరం అక్టోబరు 20న జ్వాలలను చూచాడు. ఆ పసుపు గీత స్థానం సోడియం గీతలతో కలియదని తేల్చాడు. జాన్సెన్ కాకినాడ నుండి వ్రాసిన లేఖ, లాకియర్ పరిశోధన వార్త, రెండూ ఒకే రోజున పారిస్ విజ్ఞాన పరిషత్తుకు చేరినవి. ఫ్రాన్సు ప్రభుత్వం ఇద్దరి ముఖాలతో ఒకే పతకాన్ని ముద్రించి గౌరవించింది.

భూమిమీద తెలిసిన ఏ మూలకంతోను ఆ గీత సరిపడలేదు. సూర్యుని గ్రీకు నామాన్ని బట్టి ఆ అజ్ఞాత మూలకానికి హీలియం అని పేరు వచ్చింది. పేరు ముందు వచ్చింది, పదార్థం మాత్రం 27 సంవత్సరాల తరువాత చేతికి చిక్కింది. 1895లో విలియం రామ్సే క్లీవైట్ అనే యురేనియపు ఖనిజాన్ని ఆమ్లంతో కాచి, వెలువడిన వాయువును పరీక్షింపగా అదే పసుపు గీత కనిపించింది. ఆల్ఫా కణాలే హీలియం కేంద్రకాలని తరువాత రూథర్‌ఫర్డ్ నిరూపించడంతో, యురేనియపు రాతిలో ఆ వాయువు ఎందుకున్నదో కూడ తేటపడినది.

మూడవ దశాంశంలో దాగిన వాయువు

ఆర్గాన్ కథ వేరు. అది ఆకాశంలో కాక త్రాసులో దొరికింది. ర్యాలీ ప్రభువు నత్రజని సాంద్రతను కొలుస్తూ, గాలి నుండి తీసిన నత్రజని లీటరుకు 1.257 గ్రాములు తూగుతున్నదనీ, రసాయన పదార్థాల నుండి తీసినది 1.250 గ్రాములే తూగుతున్నదనీ గమనించాడు. తేడా మూడవ దశాంశ స్థానంలో ఉన్నది. మరొకరైతే పరికరం లోపమని వదలివేసేవారు. ర్యాలీ వదలలేదు. 1894లో ఆయన, రామ్సే కలిసి, గాలి నుండి తీసిన నత్రజనిలో మరొక బరువైన వాయువు కలిసియున్నదని నిర్ధారించారు. ఎంత ప్రయత్నించినా దేనితోను కలియని ఆ వాయువుకు 'సోమరి' అనే అర్థంగల గ్రీకు మాటతో ఆర్గాన్ అని పేరు పెట్టారు. వందేండ్లకు పైగా ముందే, 1785లో కావెండిష్ తన ప్రయోగంలో చివరకు మిగిలిన చిన్న బుడగను గుర్తించి వ్రాసియుంచాడు. ఆ బుడగయే ఆర్గాన్ అని తెలియుటకు అంత కాలం పట్టింది.

1898లో రామ్సే, ఆయన సహచరుడు మారిస్ ట్రావర్స్ ద్రవరూపం పొందిన గాలిని క్రమంగా మరిగించి, దాగినది అనే అర్థంలో క్రిప్టాన్‌ను, క్రొత్తది అనే అర్థంలో నియాన్‌ను, పరాయిది అనే అర్థంలో జీనాన్‌ను కనుగొన్నారు. ఈ ట్రావర్సే తరువాత బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు తొలి సంచాలకుడైనాడు. ర్యాలీకి భౌతికశాస్త్రంలోను, రామ్సేకు రసాయనశాస్త్రంలోను 1904లో నోబెల్ బహుమానాలు లభించినవి. ప్రయోగశాల రికార్డులో జవాబు సరిపోలుటకై మూడవ దశాంశాన్ని దిద్దుకొనే విద్యార్థులు ఈ సంఘటనను గుర్తుంచుకొందురు గాక!

అతిశీతలం, అయస్కాంతం, వైద్యం

ఇక వీటి ఉపయోగాలకు వద్దాము. హీలియం పరమాణువుల మధ్య ఆకర్షణ అత్యల్పం. కనుకనే దానిని ద్రవంగా మార్చుట మిక్కిలి కష్టం. హాలండు దేశంలోని లైడెన్ నగరంలో కామర్లింగ్ ఓనెస్ 1908 జూలై 10న ఆ పని సాధించాడు. ద్రవ హీలియం మరిగే ఉష్ణోగ్రత సున్నాకు దిగువ 269 డిగ్రీలు. ప్రకృతిలో సాధ్యమయ్యే అత్యంత శీతలస్థానానికి అది నాలుగు డిగ్రీల దూరంలో మాత్రమే ఉన్నది. ఆ చల్లదనంలో మరే ఇతర పదార్థమూ ద్రవంగా మిగలదు, గడ్డకట్టుకొనిపోతుంది. మూడు సంవత్సరాల తరువాత, 1911లో, ఓనెస్ ప్రయోగశాలలోనే పాదరసాన్ని అంత చల్లబరచగా దాని విద్యున్నిరోధం హఠాత్తుగా మాయమైనది. దీనినే అతివాహకత అంటారు.

కేవలం శాస్త్రకుతూహలంతో చేసిన ఈ ప్రయోగం ఈనాడు జిల్లా కేంద్రాల ఆసుపత్రుల వరకు వచ్చినది. ఎం.ఆర్.ఐ. అనే పరీక్షాయంత్రంలో నియోబియం, టైటానియం మిశ్రమలోహపు తీగలను చుట్టగా చుట్టి, ద్రవ హీలియంలో ముంచి ఉంచుతారు. నిరోధం లేని ఆ తీగలలో ఒకసారి ప్రవేశపెట్టిన విద్యుత్ప్రవాహం సంవత్సరాల తరబడి తరుగక తిరుగుతూనే ఉంటుంది. దాని వలన సాధారణంగా 1.5 టెస్లా అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. అది భూమి అయస్కాంత క్షేత్రానికి సుమారు ముప్పది వేల రెట్లు. ఆ క్షేత్రంలో మన శరీరంలోని నీటిలో ఉన్న ఉదజని కేంద్రకాలు రేడియో తరంగాలకు బదులు పలుకుతాయి. ఆ పలుకులే గణకయంత్రం సాయంతో మెదడు, వెన్నుపూసల చిత్రాలుగా మారుతాయి. సంప్రదాయ యంత్రం ఒక్కదానిలో సుమారు 1,500 లీటర్ల ద్రవ హీలియం పట్టుతుంది. ఇటీవల సుమారు 7 లీటర్లతోనే పనిచేసే, పూర్తిగా మూసివేసిన అయస్కాంతాలు కూడ వచ్చినవి.

మా అమ్మీకి వెన్నునొప్పి వచ్చినపుడు ఈ పరీక్ష కొరకు గుంటూరు తీసుకొని వెళ్ళాను. యంత్రం చప్పుడుకు ఆమె భయపడినది. బయటకు వచ్చిన తరువాత, "ఆ గుండ్రటి యంత్రంలో ఏముంది బేటా?" అని అడిగినది. "చల్లని వాయువు ఒకటి ఉన్నది అమ్మీ. దాని జాడ మొట్టమొదట కనిపించినది ఈ ఊరి ఆకాశంలోనే" అని చెప్పాను. ఆమె ఒకసారి తల ఎత్తి సూర్యునివైపు చేయి అడ్డం పెట్టుకొని చూచినది. ఎక్కడి గ్రహణం, ఎక్కడి వెన్నునొప్పి! నడుమ నూట ఏబది ఏండ్ల విజ్ఞానం ఉన్నది. ఆ క్షణంలో నా విద్యార్థి ప్రశ్న నాకు మళ్ళీ వినిపించింది.

శ్వాసకు సాయం

హీలియం బరువు గాలి బరువులో ఏడవ వంతు మాత్రమే. నూటికి 80 పాళ్ళు హీలియం, 20 పాళ్ళు ప్రాణవాయువు కలిపితే ఆ మిశ్రమం సాంద్రత గాలి సాంద్రతలో మూడవ వంతు ఉంటుంది. న్యూయార్కు వైద్యుడు ఆల్వన్ బారక్ 1930 దశకంలో ఈ మిశ్రమాన్ని చికిత్సలో ప్రవేశపెట్టాడు. ఉబ్బసం ముదిరినపుడు గాని, గొంతు వాచి శ్వాసమార్గం సన్నబడినపుడు గాని, బరువైన గాలి ఆ ఇరుకులో సుడులు తిరుగుతూ అడ్డుపడుతుంది. తేలికైన హీలియం మిశ్రమం సాఫీగా లోపలికి పోతుంది. ఇది వ్యాధిని నయం చేయదు. అసలు మందు పనిచేయు వరకు రోగికి కొంత వ్యవధిని సంపాదించి పెడుతుంది. ప్రాణాపాయ స్థితిలో ఆ వ్యవధికి వెలకట్టలేము.

సముద్రగర్భంలో దిగేవారికి కూడ హీలియమే అండ. ముప్పది మీటర్లకు మించిన లోతులో, ఒత్తిడి వలన రక్తంలో కరిగిన నత్రజని మనిషికి మత్తు ఎక్కిస్తుంది. ఆ మత్తులో మునుగరి తన క్షేమాన్నే మరచిపోతాడు. నత్రజనికి బదులు హీలియం కలిపిన ప్రాణవాయువును ఇస్తే ఈ మత్తు కలుగదు. 1939లో అమెరికా తీరంలో సుమారు 73 మీటర్ల లోతున మునిగిన స్క్వాలస్ అనే జలాంతర్గామిని పైకి తీసే పనిలో మునుగరులు ఈ మిశ్రమాన్ని వాడారు. లోతైన సముద్రాలలో నేడు జరిగే పనులన్నిటికీ ఆ అనుభవమే పునాది.

పరాయి వాయువు చేసే చిత్రాలు

జీనాన్ చేసే పని మరింత ఆశ్చర్యకరమైనది. ఏ పదార్థంతోను సులభంగా కలియని ఈ వాయువును పీల్చితే మనిషికి స్పృహ తప్పుతుంది. 1951లో అమెరికాలోని అయోవాలో కల్లెన్, గ్రాస్ అనే వైద్యులు దీనిని శస్త్రచికిత్సలో మత్తుమందుగా వాడి చూపారు. ఇది శరీరంలో ఏ మార్పూ చెందదు, కాలేయానికి గాని మూత్రపిండాలకు గాని పని పెట్టదు. లోపలికి వెళ్ళినది వెళ్ళినట్లే ఊపిరితో బయటకు వస్తుంది. రోగి త్వరగా మేల్కొంటాడు. ఏ రసాయనిక చర్యా లేకుండ మత్తు ఎట్లు కలుగుతున్నది? జీనాన్ పరమాణువు నాడీకణాల మీద ఉండే గ్రాహకాల సందులలో ఒదిగి, వాటి పనిని తాత్కాలికంగా అడ్డగిస్తున్నదని 1998 నుండి జరిగిన పరిశోధనలు తెలిపినవి. అయితే దీని ధర అధికం కనుక వాడుక పరిమితంగానే ఉన్నది.

పుట్టుకలో ప్రాణవాయువు అందక మెదడు దెబ్బతిన్న శిశువులను చల్లబరచే చికిత్స కలదు. దానికి జీనాన్‌ను జోడించినచో మరింత మేలు కలుగునని పశుపరీక్షలు ఆశ కలిగించినవి. కాని బ్రిటనులో జరిగిన పరీక్ష ఫలితాలు 2016లో వెలువడగా, అదనపు ప్రయోజనం కనిపించలేదు. ఇది కూడ విజ్ఞానమే. ఆశించినది జరుగలేదని నిజాయితీగా చెప్పిన ఫలితం ఇతర పరిశోధకులకు దారిచూపుతుంది.

రేడియోధార్మికమైన జీనాన్-133 అర్ధాయువు 5 రోజులకు కొంచెం ఎక్కువ. రోగి దీనిని పీల్చగా, ఊపిరితిత్తులలో ఏ భాగానికి గాలి చేరుతున్నదో, ఏ భాగానికి చేరుట లేదో బయట ఉంచిన కెమెరా చూపుతుంది. డెన్మార్కుకు చెందిన లాసెన్, స్వీడనుకు చెందిన ఇంగ్వార్ మొదట క్రిప్టాన్-85తోను, తరువాత జీనాన్-133తోను మెదడులోని రక్తప్రసరణను కొలిచారు. మనిషి మాట్లాడునపుడు, చదువునపుడు, చేతిని కదల్చునపుడు మెదడులో వేర్వేరు భాగాలకు రక్తం హెచ్చుగా చేరుతుందని అందువలన కంటికి కట్టినట్లు తెలిసినది. చెట్టులోని ఆకులను కదపకుండ గాలి దిశను కొలిచినట్లు, ఈ వాయువులు మెదడు పనిలో జోక్యం చేసుకొనకుండ దాని వార్తను తెచ్చినవి.

రేడియోధార్మికత లేని జీనాన్-129ను లేసరు కాంతి సాయంతో ప్రత్యేక స్థితికి తెచ్చి పీల్పిస్తే ఎం.ఆర్.ఐ. యంత్రంలోనే ఊపిరితిత్తుల లోపలి చిత్రాలు లభిస్తాయి. 1994లో ఎలుక ఊపిరితిత్తులతో మొదలైన ఈ పద్ధతికి 2022 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లభించింది. వాయువు గాలితిత్తులను దాటి రక్తంలోనికి ఎట్లు ప్రవేశిస్తున్నదో కూడ దీని ద్వారా పరిశీలింపవచ్చును.

ప్రయోగశాలలో జడవాయువులు

మొట్టమొదటి వాయు లేసరు హీలియం, నియాన్ మిశ్రమంతోనే వెలిగినది. టెహ్రాన్‌లో జన్మించిన భౌతికశాస్త్రజ్ఞుడు అలీ జవాన్ అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1960 డిసెంబరులో దీనిని సాధించాడు. విద్యుత్తు హీలియంను ఉత్తేజపరుస్తుంది. హీలియం తన శక్తిని నియాన్‌కు అందిస్తుంది. నియాన్ ఆ శక్తిని కాంతిగా వెలువరిస్తుంది. తొలి కిరణం కంటికి కనిపించని పరారుణం. 1962లో ఎర్రని కిరణం వచ్చింది. కళాశాలల భౌతిక ప్రయోగశాలలలో తరతరాల విద్యార్థులు వివర్తన ప్రయోగాలకు వాడిన ఎర్రని కిరణం ఇదే. 1964లో వచ్చిన ఆర్గాన్ లేసరు నీలాకుపచ్చ కాంతితో, మధుమేహం వలన నేత్రపటలం దెబ్బతిన్న అసంఖ్యాక రోగుల చూపును కాపాడింది. ఇప్పుడు ఆ పనికి ఇతర లేసర్లు వచ్చినా, దారి చూపినది ఆర్గాన్.

ఒక ఔషధంలో గాని, ధాన్యంలో గాని ఏయే పదార్థాలు ఎంతెంత ఉన్నవో తెలుసుకొనుటకు వాయు క్రొమటోగ్రఫీ అనే పద్ధతి ఉన్నది. అందులో పరీక్షింపవలసిన పదార్థపు ఆవిరిని ఒక సన్నని గొట్టం గుండా హీలియం మోసుకొనిపోతుంది. మోసేవాడు మూటను విప్పి చూడనివాడు కావలెను గదా! త్రాగునీటిలోని సీసం, ఆర్సెనిక్ వంటి విషాల జాడ తీయుటకు, కొన్ని వేల డిగ్రీల వేడిమిగల ఆర్గాన్ జ్వాలలోనికి ఆ నీటిని పిచికారీ చేస్తారు. ఆర్గాన్ ఆ వేడిలో కూడ నమూనాతో కలియదు కనుక లెక్క తప్పదు.

ఆర్గాన్ కాలాన్ని కూడ కొలుస్తుంది. రాళ్ళలోని పొటాషియం-40 అనే ఐసోటోపు 125 కోట్ల సంవత్సరాల అర్ధాయువుతో క్షయమౌతూ, అందులో కొంత భాగం ఆర్గాన్‌గా మారుతుంది. అగ్నిపర్వతపు లావా కరిగియున్నపుడు పాత ఆర్గాన్ పారిపోతుంది. గడ్డకట్టిన తరువాత పుట్టినది రాతిలోనే చిక్కుకొనిపోతుంది. దానిని కొలిస్తే రాతి వయస్సు తెలుస్తుంది. 1961లో ఈ పద్ధతితో తూర్పు ఆఫ్రికాలోని ఓల్డువై లోయలో దొరికిన పుర్రె వయస్సు సుమారు 17 లక్షల 50 వేల సంవత్సరాలని తేలి, మానవజాతి చరిత్రనే వెనుకకు జరిపినది.

విశ్వంలో కంటికి కనిపించని కృష్ణపదార్థం కొరకు జరిగే అన్వేషణలో టన్నులకొద్దీ ద్రవ జీనాన్‌ను పర్వతాల అడుగున ఉంచి కాపు కాస్తున్నారు. ఇటలీలోని గ్రాన్ సాసో పర్వతం క్రింద 3.2 టన్నుల జీనాన్‌తో నడచిన ప్రయోగంలో కృష్ణపదార్థం ఇంకను చిక్కలేదు. కాని 2019లో జీనాన్-124 పరమాణువుల క్షయాన్ని వారు గుర్తించారు. దాని అర్ధాయువు 1.8 × 10²² సంవత్సరాలు. అనగా విశ్వం వయస్సుకు లక్ష కోట్ల రెట్ల కంటె ఎక్కువ. ఇంత మౌనంగల ద్రవంలోనే అంత చిన్న సవ్వడి వినబడుతుంది.

జడమన్నది పరమ సత్యమా?

1962 వరకు ఈ వాయువులు దేనితోను కలియవని పుస్తకాలు శాసనంవలె వ్రాసినవి. ఆ సంవత్సరం కెనడాలో పనిచేస్తున్న నీల్ బార్ట్‌లెట్, ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ అనే తీవ్ర పదార్థం ప్రాణవాయువు నుండి కూడ ఎలక్ట్రానును లాగివేయుట చూచాడు. ప్రాణవాయువు నుండి ఎలక్ట్రానును తీయుటకు కావలసిన శక్తి, జీనాన్ నుండి తీయుటకు కావలసిన శక్తి దాదాపు సమానమని అతడు పట్టికలో గమనించాడు. అందరి ఎదుట ఉన్న అంకెలే అవి! రెండింటిని కలిపి చూడగా పసుపుపచ్చని ఘనపదార్థం ఏర్పడినది. జీనాన్ తొలి సంయోగ పదార్థం అదే. నాటి నుండి శాస్త్రజ్ఞులు జడవాయువులు అనుటకు బదులు ఉత్కృష్ట వాయువులు అనుట మొదలుపెట్టారు. పుస్తకంలో ఉన్నదని నమ్మి ప్రయత్నం మానుకొన్నవారు ఎందరో, అడిగి చూచినవాడు ఒక్కడు.

రెండు హెచ్చరికలు

మొదటిది ప్రాణానికి సంబంధించినది. జడమన్నంత మాత్రాన నిరపాయకరం కాదు. మన శరీరం ఊపిరాడుట లేదని బొగ్గుపులుసు వాయువు పెరుగుటను బట్టి గుర్తిస్తుందే గాని, ప్రాణవాయువు తగ్గుటను బట్టి కాదు. అందుచేత ప్రాణవాయువు కలియని హీలియం గాని, ఆర్గాన్ గాని పీల్చినవానికి ఉక్కిరిబిక్కిరి కాకుండగనే కొద్ది శ్వాసలలో స్పృహ తప్పవచ్చును. వేడుకకై బుడగల సిలిండరు నుండి హీలియం పీల్చి గొంతు మార్చి మాట్లాడే పని ఎవరూ చేయరాదు. ఒక లీటరు ద్రవ హీలియం ఆవిరైతే సుమారు 750 లీటర్ల వాయువు అవుతుంది. మూసిన గదిలో అది ప్రాణవాయువును తరిమివేస్తుంది. రేడాన్ అయితే మరింత ప్రమాదకరం. దానిని పూర్వం గొట్టాలలో బంధించి కంతుల చికిత్సకు వాడిన మాట నిజమే. కాని గాలి ఆడని గదులలో చేరిన రేడాన్ ఊపిరితిత్తుల క్యాన్సరుకు ధూమపానం తరువాత ముఖ్యకారణమని ఈనాడు తెలిసినది.

రెండవది పొదుపుకు సంబంధించినది. గాలిలోని ఆర్గాన్‌ను ఎంత వాడినా తిరిగి గాలిలోనే చేరుతుంది. హీలియం అట్లు కాదు. కోట్ల సంవత్సరాలుగా యురేనియం, థోరియం క్షయం వలన పుట్టి, భూగర్భ సహజవాయువుతో కలిసి నిలువయున్నదానినే మనం తోడుకొంటున్నాము. ఒకసారి గాలిలోనికి వదలినచో అది పైపైకి పోయి, భూమి ఆకర్షణను దాటి అంతరిక్షంలో కలిసిపోతుంది. అమెరికా, ఖతర్, అల్జీరియా, రష్యా వంటి కొద్ది దేశాలలోనే ఇది లభిస్తున్నది. మన దేశం ప్రధానంగా దిగుమతుల మీదనే ఆధారపడినది. కొరత వచ్చినపుడు పరిశోధనశాలల్లో ప్రయోగాలు ఆగిపోయిన సందర్భాలున్నవి. ఆవిరైన హీలియంను పట్టి తిరిగి ద్రవంగా మార్చే ఏర్పాటు చేసుకొనుట పెద్ద సంస్థల కర్తవ్యం. ఉత్సవాలలో వదలే బుడగలకు హీలియం వాడకుండుట మన కర్తవ్యం.

ముగింపు

ఆ విద్యార్థి ప్రశ్నకు ఇప్పుడు సమాధానం చెప్పగలను. జడవాయువులు పనికిరానివి కావు. తమంతట తాము జోక్యం చేసుకొనవు కనుకనే వాటి సాక్ష్యం నమ్మదగినది. రోగి రక్తంలో తిరిగినా, కొలిమి వేడిలో నిలిచినా, రాతిలో లక్షల సంవత్సరాలు దాగినా, తాము చూచినదానిని మార్చకుండ తెచ్చి మనకు అప్పగిస్తాయి. జడము అనే మాటకు నేను చెప్పిన అర్థాలలో 'ఒక పనికీ రానిది' అన్నదానిని ఇకమీదట కొట్టివేస్తున్నాను.

మన కళాశాల విద్యార్థులకు ఒక మనవి. 1868లో గుంటూరులో ఆకాశం అందరికీ ఒకే విధంగా చీకటి పడింది. కొందరు తలుపులు మూసికొన్నారు, కొందరు గాజుపట్టకం పట్టుకొని నిలిచారు. ప్రశ్న అడుగుటకు లేచి నిలబడినవానిని చూచి తరగతి నవ్వవచ్చును. అయినా లేచి నిలబడవలెను. నాకు ఈ వ్యాసం వ్రాయగలుగుట ఒక విద్యార్థి అట్లు నిలబడినందువలననే సాధ్యమైనది.